ఊ కొట్టిన వేసవి

మా దుకాణంలో బాగుచేసిన ఏ పెట్టె అయినా సరే, రేడియో కానీ, టీవీ కానీ, సభల్లో పెట్టే పెద్ద స్పీకర్లు కానీ, మా ఆయన "ఊ" అంటేనే గడప దాటేది. దుకాణం నడిమధ్యన ఆయనకో కర్ర కుర్చీ ఉండేది. అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని, పెట్టె పాడుతుంటే వినేవాడు. బాగుంటే "ఊ". బాగాలేకపోతే "ఊహూఁ". అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. ఆ "ఊహూఁ" విన్నాక మా మరిది మళ్ళీ స్క్రూడ్రైవర్ పట్టుకోవలసిందే, బయట నిలబడ్డ మనిషి తొందరగా కావాలని ఎంత మొత్తుకున్నా సరే. వీధిలో మా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "చెవులాయన" అనేవాళ్ళు.

ఇంట్లో మాత్రం ఆ "ఊ" నా ప్రాణం తీసేది. "ఏమండీ, గ్యాస్ అయిపోయింది." "ఊ." "ఏమండీ, పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది." "ఊ." "ఏమండీ, ఇల్లు అంటుకుంది." "ఊ." ఒళ్ళు మండి ఒక్కోసారి అలా కూడా అనేదాన్ని. విని కూడా పట్టించుకోవడం లేదనుకునేదాన్ని. రోజంతా వినడమే పనాయె, ఇంటికొచ్చాక చెవులకి సెలవిచ్చాడు కాబోలు అని సరిపెట్టుకునేదాన్ని. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటి కొరుక్కు తింటున్నావు అన్నాట్ట" అని మొహం మీదే దెప్పేదాన్ని. దానికీ "ఊ" అనేవాడు. నేనూ మా అమ్మాయీ పడీ పడీ నవ్వేవాళ్ళం. 

ఆ ఏడు వేసవి సెలవులు ఇలా మొదలయ్యాయో లేదో, మా అమ్మడు ఇంటికి కంప్యూటర్ తెచ్చింది. ఏదో ఆఫీసు మూసేస్తూ పాత సామానంతా తలొకరికీ ఇచ్చేస్తుంటే, స్నేహితురాలి తండ్రి చెప్పి ఒకటి దీనికి ఇప్పించాడు. బొమ్మ వస్తోంది, అక్షరాలు వస్తున్నాయి, నోరు మాత్రం లేదు. దాన్ని బల్ల మీద పెట్టి, అమ్మడు వాళ్ళ నాన్న ఎదురుగా వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నాన్నా, స్పీకర్లు కొనాలి."

"కొనడమేంటే?" మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "చెవులాయన కూతురు బజారుకెళ్ళి స్పీకర్లు కొందంటే నలుగురూ నవ్విపోరూ? ఇంట్లో పడున్న సామానుతోనే కడతా. బజారువి దీని కాలిగోటికి చాలవు, చూస్తూండు."

నాకు తెలిసి ఏడాదిలో ఆయన అంత మాట్లాడటం అదే మొదటిసారి. ముచ్చటేసింది. ఆ ముచ్చట నాకెంతసేపు నిలిచిందీ? మర్నాటికల్లా ముందుగది నిండా చెత్త. వీధి చివర కార్ల షెడ్డులో తుక్కు కింద పడేసిన కారు తలుపుల్లోంచి రెండు స్పీకర్లు పీక్కొచ్చాడు. ఎప్పుడో చచ్చిపోయిన పాత టీవీ కడుపులోంచి ఆంప్లిఫయర్ ముక్క తీశాడు. పాడైపోయిన లాప్‌టాప్ తాలూకు చార్జర్ దానికి కరెంటు. పెట్టెలకి చెక్క ఎక్కడిదంటారా, నా అలమారా తలుపులు.

"ఆ అలమారా ఇంకా బతికే ఉందండీ!" అని నేను గోలపెడితే, "ఊ" అంటూనే రంపం ఆడించాడు.

చెక్కకీ స్పీకరుకీ మధ్య సందుల్లోంచి గాలి పోకుండా సైకిల్ ట్యూబు కోసి చుట్టూ అంటించాడు. పెట్టె లోపల కుక్కడానికి నా తలగడ చించి దూది పీకేశాడు. ఆ రాత్రి నేను చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకున్నాను. అమ్మడు ఆయన పక్కన కూర్చుని మేకులందిస్తూ, జిగురు పూస్తూ ఒకటే కబుర్లు. అది ఆయన కుడిపక్కనుంటే జవాబిచ్చేవాడు. ఎడమపక్కనుంటే "ఊ" అనేవాడు. అప్పుడు చూశాను కానీ, అది చూడటం కాదు. కళ్ళముందున్నదాన్ని చూసి కూడా ఏమీ అనుకోకపోతే దాన్ని చూడటమంటారా?

సాయంత్రాలు దుకాణం కట్టేసి మా మరిది వచ్చేవాడు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కరేసుకుని వీధిలో గోళీలాడే పిల్లాడు. తల్లి లేదు. నా చేత్తో అన్నం కలిపి పెట్టాను, దెబ్బ తగిలితే నా ఒళ్ళో పడి ఏడ్చాడు. వాళ్ళన్నయ్య పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుని తీగ అతకడం నేర్పాడు. దుకాణం బోర్డు మీద "బ్రదర్స్" అని రాయించిన రోజు ఈయన వాణ్ణి భుజాల మీదెక్కించుకుని ఆ బోర్డు చూపించాడు. ఇప్పుడు వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు, రెండు వీధుల అవతల వేరే ఇల్లు. మీసంలో తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. అయినా నేను వాణ్ణి "ఒరేయ్" అనే అనేదాన్ని.

"హాలు పని గురించి అడిగావా అన్నయ్యా?" అన్నాడు వాడు ఒకరోజు కాఫీ తాగుతూ.

మా దుకాణం గది యజమాని ఊరి నడిబొడ్డున పెద్ద హాలు కట్టిస్తున్నాడు. నాటకాలు, సభలు, పెళ్ళిళ్ళు, అన్నిటికీ అదే. వీధిలో ఆయన్ని అప్పటికే "హాలాయన" అనడం మొదలుపెట్టారు. లోపల సౌండంతా మా దుకాణమే పెట్టాలని, చెవులాయన కూర్చుని విని "ఊ" అన్నాకే హాలు తెరుస్తానని ఆయన నలుగురిలో అన్నాడు. మా ఆయన ఆ మాట తలుచుకుని లోలోపల పొంగిపోయేవాడు. "ఆ హాల్లో కూర్చుని ఒక్క ఊ అంటే చాలు, ఇక రేపు పోయినా పరవాలేదు" అనేవాడు నాతో. అంత పెద్ద ఆశ ఆయనకి ఇంకొకటి లేదు.

"అడగడమెందుకురా, ఆయనే అన్నాడుగా," అన్నాడు మా ఆయన. 

మరిది గ్లాసు కిందపెట్టి వాళ్ళన్నయ్యకేసి కాసేపు చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. ఏదో చెప్పబోయి మానేశాడు. పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడేమో అనుకున్నాను.

పెట్టెలు పూర్తయిన రోజు మధ్యాహ్నం వాడు మామూలు వేళకంటే ముందే వచ్చాడు. మా ఆయన అప్పుడే ఆఖరి అతుకు వేసి, చెమట తుడుచుకుంటున్నాడు.

"అన్నయ్యా, హాలాయన వస్తున్నాడు. మన పెట్టెలు వింటాడట. నువ్వెళ్ళి స్నానం చేసి, మంచి చొక్కా వేసుకునిరా." వాడు ఎదురుగా నిలబడి, చేత్తో చూపిస్తూ చెప్పాడు. "ఇవన్నీ నేను సర్దుతాలే."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అమ్మడూ, నా తెల్ల చొక్కా ఎక్కడే?" అని అరుస్తూ లోపలికి పరిగెత్తాడు.

నేను మంచినీళ్ళు పట్టుకొచ్చేసరికి మరిది ఎడమ పెట్టె వెనక కూర్చుని, తీగలతికే సోల్డరింగ్ ఐరన్ వేడిచేస్తూ కనిపించాడు.

"అయిపోయిందన్నారుగా మీ అన్నయ్య?"

"ఒక అతుకు వదులుగా ఉంది వదినా," అన్నాడు తలెత్తకుండా.

ఎంత శ్రద్ధో నా మరిదికి అని మురిసిపోయాను, నా మొహం మండ. ఇంకో గ్లాసు నీళ్ళు కూడా ఇచ్చాను.

హాలాయన వచ్చాడు. ఇస్త్రీ మడతలు నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆయన రెండు పెట్టెలకీ నడుమ, గది మధ్యలో ఓ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, అచ్చం దుకాణంలో లాగే. అమ్మడు కంప్యూటర్లో పాత పాట ఒకటి పెట్టింది, ఆయనకిష్టమైనది, ఎవరో ఆవిడ గొంతెత్తి పాడేది.

పాట మొదలైంది. వాయిద్యాలు అటూ ఇటూ వినపడుతున్నాయి కానీ, ఆ పాడే ఆవిడ ఎక్కడో పక్కింటి వంటగదిలో పాడుతున్నట్టుంది. తబలా దెబ్బ ఉందా అంటే ఉంది, దమ్ము లేదు. నాకేం తెలుసు ఈ విద్య? కానీ నాకే తెలిసిపోతోంది ఏదో తేడాగా ఉందని. అమ్మడు మొహం చిట్లించింది.

"నాన్నా, గొంతు సరిగ్గా..." అంది వెనకనుంచి.

"నువ్వుండమ్మా," అన్నాడు మరిది చిన్నగా. "నాన్నని విననీ."

మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల కొంచెం కుడివైపు వాల్చాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. పాట అయిపోయింది. కళ్ళు తెరిచి, హాలాయనకేసి తిరిగి, నవ్వుతూ అన్నాడు.

"ఊ."

 హాలాయన కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, మా ఆయన ఎడమపక్కకి వచ్చి నిలబడి మామూలు గొంతుతో అడిగాడు. "ఏమండీ చెవులాయనా, ఇందులో లోపమేమైనా ఉందంటారా?"

"ఊ," అన్నాడు మా ఆయన, ఇంకా నవ్వుతూనే.

"ఉందంటారు?"

"ఊ."

హాలాయన మా మరిదికేసి చూశాడు. మరిది నేలకేసి చూశాడు. "సరే, వస్తా మరి" అని హాలాయన వాడితోనే చెప్పి, చెప్పులేసుకున్నాడు. మా ఆయన ఆయన్ని గేటుదాకా సాగనంపి, ఆ తెల్లచొక్కా విప్పకుండానే, సాయంత్రమంతా ఆ పాటే మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు.

వంటింట్లోకి అమ్మడు నా వెనకే వచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, నాన్నకి వినపడదే."

"ఛీ, నోర్ముయ్," అన్నాను. ఆ మాటైతే అన్నాను కానీ, గిన్నె నా చేతిలోంచి జారి గచ్చు మీద ఢామ్మని పడింది. ఇద్దరం గుమ్మంలోంచి ముందుగదిలోకి తొంగిచూశాం. ఆయన మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తల కూడా తిప్పలేదు.

తర్వాత డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్ళాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. ఏళ్ళతరబడి పెద్ద స్పీకర్ల నోటి దగ్గర చెవి పెట్టి కూర్చున్నందుకు అదీ ప్రతిఫలం. "మీకు తెలుసా?" అని డాక్టరు గట్టిగా అడిగితే, మా ఆయన బడిలో పట్టుబడ్డ పిల్లాడిలా తల దించుకున్నాడు. తెలుసు. అందరికంటే ముందు ఆయనకే తెలుసు. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు పెదాలు చూసి, అందకపోతే "ఊ" అని నెట్టుకొచ్చాడు. నేనేమో ఇంటికి నిప్పంటుకుందని హాస్యాలాడాను.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన కొద్దిరోజులకే, పొద్దున్న దుకాణానికి వెళ్ళిన మనిషి ఎండ నెత్తి మీదికి రాకముందే ఇంటికొచ్చేశాడు. వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏమైందండీ?" అన్నాను ఎదురుగా వెళ్ళి, గట్టిగా.

"నా కుర్చీ బయట పెట్టారే. గిరాకీలు కూర్చోడానికి."

అంతే అన్నాడు. నేనిక ఆగలేదు. పొయ్యి కట్టేసి, ఉన్నదున్నట్టుగా బయల్దేరి దుకాణానికి వెళ్ళాను.

దుకాణం ముందు నిచ్చెనేసుకుని పెయింటరొకడు బోర్డు గీకుతున్నాడు. "బ్రదర్స్" అన్న మాట అప్పటికే సగం పోయింది. కింద ఆ కర్ర కుర్చీ ఎండలో ఉంది, దాని మీద పెయింటు డబ్బా. లోపల హాలాయనా, మా మరిదీ.

"ఏంట్రా ఇది?" అన్నాను.

మరిది లేచి నిలబడ్డాడు. "కూర్చో వదినా."

"కూర్చోడానికి కుర్చీ ఏదిరా, బయట పారేశావుగా! బోర్డెందుకు గీకిస్తున్నావు?"

"అన్నయ్యకి చెప్పాం వదినా. గది అద్దె ఇకనుంచి నా పేరున ఉంటుందనీ, హాలు పని నేనే చూస్తాననీ, ఈయన దగ్గరుండగానే చెప్పాను," అని హాలాయనకేసి చూపించాడు. "అన్నయ్య ఊ అన్నాడు."

"అన్నాడమ్మా," అన్నాడు హాలాయన. "నా చెవులారా విన్నాను. ఇష్టమేనా అని తమ్ముడు అడిగితే, ఊ అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది.

"మా ఇంటికొచ్చి కాఫీ తాగి, మా ఆయనకి వినపడదని తేల్చుకుని వెళ్ళారుగా మీరు? వినపడని మనిషి మీరడిగింది విని ఊ అన్నాడా? వినపడిందంటే హాలు పని ఆయనదే. వినపడలేదంటే ఆ ఊ చెల్లదు. రెండింట్లో ఏది నిజమో మీరే చెప్పండి."

హాలాయన ఇస్త్రీ మడత సర్దుకున్నాడు. "అమ్మా, ఊ అంటే ఊయే. దానికి మళ్ళీ అర్థాలుంటాయా?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను హాలాయన్ని వదిలేసి మరిదికేసి తిరిగాను. "ఆ రోజు వదులుగా ఉందని అతికావే, ఏమతికావురా?"

 వాడు ఒక్కసారిగా మొదలుపెట్టాడు. "తీగలు తారుమారు చేశాను వదినా. ఎర్రది ఉన్నచోట నల్లది. ఒక పెట్టె గాలిని ముందుకు తోస్తుంటే, రెండోది వెనక్కి లాగుతుంది. మధ్యలో గొంతు చచ్చిపోతుంది. మా పనిలో ఏడాది నేర్చుకున్నవాడు కూడా పట్టేస్తాడు. అన్నయ్య పట్టుకుంటే కాళ్ళ మీద పడదామనుకున్నా. పట్టుకోలేదుగా? ఏడాదిగా ఆయన ఊ అని పంపిన పెట్టెలు తిరిగొస్తున్నాయి వదినా. నేను ఆయనకి తెలియకుండా బాగుచేసి పంపిస్తున్నా. నేను చెప్తే ఎవరు నమ్ముతారు? చెవులాయనకి చెవుల్లేవంటే నన్ను చెప్పుతో కొడతారు. ఎన్నాళ్ళు నిలబడాలి ఆయన ఊ కోసం? నాకు మీసాలు నెరుస్తున్నాయి."

వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. నిజం చెప్పడానికి వాడికి నోరుంది, మొహముంది, నా ఇల్లుంది, నేనున్నాను. ఒక్క రోజు వచ్చి నా వంటింట్లో కూర్చుని "వదినా, అన్నయ్యకి వినపడట్లేదు" అంటే సరిపోయేది. అది కాకుండా బయటివాణ్ణి తీసుకొచ్చి, ఆయనకి తెల్లచొక్కా వేయించి, వేడుక చూపించాడు.

"నువ్వు చెవి పరీక్ష చెయ్యలేదురా," అన్నాను. "నీకు అన్నం పెట్టిన ఇంట్లో కూర్చుని మా నోట మన్ను కొట్టావు."

ఆ కుర్చీ మీది పెయింటు డబ్బా తీసి కింద పెట్టి, కుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను. వీధంతా చూసింది. చూడనీ అనుకున్నాను.

మా ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. కుర్చీ ఆయన ముందు దించి, దానిమీద నేనే కూర్చుని, మొహంలో మొహం పెట్టి అడిగాను. "గది వాడి పేరున పెట్టమని ఊ అన్నారా మీరు?"

ఆయన నా పెదాలకేసి చూశాడు. అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది.

"అదా వాడడిగింది?" అన్నాడు. 

"మరేమనుకున్నారు?"

"ఏమో. ఏదో అడిగాడు. వాడడిగిందానికి నేనెప్పుడు కాదన్నానే?"

ఆ పూట ఇంట్లో ఎవరం భోజనం చెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన అమ్మడిని పిలిచాడు. "ఆ రోజు నా వెనక నిలబడి ఏదో అనబోయావట. అమ్మ చెప్పింది. ఇటు, నా ముందుకొచ్చి చెప్పు."

"గొంతు వినపడలేదు నాన్నా. ఆవిడ ఎక్కడో దూరంగా పాడినట్టుంది."

ఆయన లేచి, గోడ గడియారం దించి, దాంట్లో సెల్లు ఊడదీశాడు. నేను ఆశ్చర్యపోయాను. ఇది ఆయన జీవితంలో చెయ్యని పని. తీగలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి దుకాణాల్లో స్పీకరు తీగలకి సెల్లు ఆనిస్తారు. ఆనించగానే కోన్, అదే ఆ నల్ల కాగితం గిన్నె, ముందుకు ఉబికితే తీగ సరైనట్టు. లోపలికి పోతే తారుమారైనట్టు. చూసి తెలుసుకునే పద్ధతి. ఈయన దాన్ని ఎగతాళి చేసేవాడు. "సెల్లు పెట్టి చూడటం చెవిటివాళ్ళ పని" అనేవాడు మరిదితో. 

కుడి పెట్టె తీగలకి సెల్లు ఆనించాడు. కోన్ టప్పుమని ముందుకొచ్చింది. ఎడమ పెట్టెకి ఆనించాడు. లోపలికి పోయింది. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ లోపలికే పోయింది. పెట్టె తిప్పి, వెనక చెక్క విప్పి, తలగడ దూది పక్కకి లాగి, అతుకులకేసి చూశాడు. వేలితో తడిమాడు.

"ఇది వాడి అతుకు," అన్నాడు. "నేను తీగ మెలిపెట్టి అతుకుతా. వాడు మెలిపెట్టడు. చిన్నప్పట్నించీ చెప్తున్నా, వినడు."

నేను ఇంకా చెప్పలేదు ఆయనకి. మరిది ఆ రోజు ఏం చేశాడో నోరారా చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇక చెప్పనక్కర్లేకపోయింది. ఆయన తిట్టలేదు, ఏడవలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. వాడి అతుకు కరిగించి, తీగలు మార్చి, మెలిపెట్టి, మళ్ళీ అతికాడు. చెక్క బిగించాడు.

అమ్మడు పాట పెట్టింది. అబ్బ, ఆవిడ గొంతు! రెండు పెట్టెల నడుమ, ఏమీ లేనిచోట, మనిషి వచ్చి నిలబడినట్టు వచ్చింది. తబలా దెబ్బ నా కాళ్ళకింద గచ్చుకి తగిలింది. తుక్కులో దొరికిన స్పీకర్లు, నా అలమారా తలుపులు, నా తలగడ దూది, ఇన్నాళ్ళూ ఇంత పాటని కడుపులో పెట్టుకుని ఉన్నాయి. నాకు ఏడుపాగలేదు. ఆయన మాత్రం పెట్టెలకేసి చూడటం లేదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"వచ్చిందా?" అని అడిగాడు. ఒక పెట్టె బాగుందో లేదో ఆయన ఇంకొకర్ని అడగడం అదే మొదలు.

అమ్మడు మాట్లాడలేక, రెండు పెట్టెల మధ్య ఖాళీలోకి చెయ్యి చాపి చూపించింది, ఇక్కడ పాడుతోంది నాన్నా అన్నట్టు. ఆయన ఆ ఖాళీకేసి చూస్తూ పాట అయిపోయేదాకా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన నోట "ఊ" అన్న మాట నేను వినలేదు.

దుకాణం తిరిగి రాలేదు. రాదు కూడా. బోర్డు మీద ఇప్పుడు మరిది పేరొక్కటే ఉంది. వాడు పెట్టెలు విని "ఓకే" అంటాడట. మా ఆయన ఇంట్లోనే, ముందుగదిలో, ఎవరైనా తెచ్చిస్తే ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేస్తున్నాడు. ఫ్యాన్ బాగైందో లేదో కళ్ళకి కనపడుతుంది కదా.

ఎండలు తగ్గి, మొదటి వాన పడి వెలిసిన సాయంత్రం మరిది వచ్చాడు. హాలు తెరిచే రోజు దగ్గరపడింది. వీధిలో వాన తెరిపి ఇచ్చిందని అందరూ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వాడు చెప్పులు విప్పలేదు. గుమ్మం బయటే నిలబడి, నలుగురికీ వినపడకుండా, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అన్నయ్యా, హాలాయన పంపాడు. చెవులాయన వచ్చి కూర్చుంటాడని ఊరంతా చెప్పుకున్నారట. నువ్వు లేకపోతే బాగోదు. ఏం చెయ్యక్కర్లేదు, ముందు వరసలో కూర్చుని, అందరూ చూస్తుండగా ఒక్క ఊ అను చాలు."

నా ఒళ్ళు భగ్గుమంది. ఆ చెవి పనికిరాదు, ఆ "ఊ" మాత్రం కావాలి! తిట్టడానికి నోరు తెరిచాను. మా ఆయన చెయ్యెత్తి నన్నాపాడు. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు.

"గట్టిగా చెప్పరా," అన్నాడు. "నాకు వినపడదు."

వీధి మొత్తానికి వినపడేలా అన్నాడు.  ఇన్నేళ్ళూ దాచిపెట్టుకున్న మాట, నాకు కూడా నోటితో చెప్పని మాట, అరుగుల మీద జనం ముందు అలా అనేశాడు. ఎదురింటావిడ చేతిలో చేట పక్కన పెట్టి చూసింది.

మరిది అటూ ఇటూ చూశాడు. "హాలుకి రమ్మని, అన్నయ్యా," అన్నాడు ఇంకొంచెం పైకి.

"ఇంకా గట్టిగా. అదొక్కటే కాదు. ఆ రోజు దుకాణంలో ఏదో అడిగావట, ఊ అన్నానట. అదీ నాకు వినపడలేదు. ఇప్పుడు అడుగు. ఇక్కడ నిలబడి, గట్టిగా అడుగు. వింటా. విని చెప్తా."

వాడు నోరు తెరిచాడు. వాడి కళ్ళు నాకేసి తిరిగాయి. చిన్నప్పుడు పళ్ళెం పగలగొట్టి నా వెనక దాక్కున్నప్పుడు కూడా అలాగే చూసేవాడు. పక్క అరుగు మీద ముసలాయన "ఏంటటా?" అని ఎవర్నో అడిగాడు.  మా ఆయన కళ్ళు తమ్ముడి పెదాల మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యకుండా, దుకాణంలో కుర్చీలో కూర్చుని వినేటప్పటి ఓపికతో ఎదురుచూశాడు.

మరిది పెదాలు మూసుకున్నాడు. గుమ్మం ముందు నీళ్ళగుంట దాటి, తలదించుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన నాకేసి తిరిగాడు.

"ఏమన్నాడే?"

నేను ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"ఏమీ అనలేదండీ," అన్నాను, వీధి చివరిదాకా వినపడేలా.